కొసల బొంత

ఫోను టింగుమంటే జమునకు ఇదివరకు ప్రాణం లేచొచ్చేది. హైదరాబాదు నుంచో నిజామాబాదు నుంచో ఎవరో చీర ఫోటో పంపి, దీనికి సరిపోయే లంగా ఉందా అని అడుగుతున్నారని అర్థం. ఇప్పుడు అదే చప్పుడుకు చేతిలో కత్తెర నిలిచిపోతోంది. దాన్ని పక్కన పెట్టి, అరచేతులు కొంగుకు తుడుచుకుని, ఆ తర్వాతే ఫోను తిరగేస్తోంది. శనివారం నాడు వచ్చిన నోటీసు ఆమెను అట్లా చేసింది.

జమునది కోరుట్ల. భర్త సాగర్ మస్కట్‌లో నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. ఇంట్లో ఆమె, అత్త సాయమ్మ. ముందు గదిలో కుట్టుమిషను, కిటికీ నుంచి తలుపు దాకా కట్టిన తీగె, ఆ తీగె మీద చీరల కింద కట్టుకునే లంగాలు, మిరపపండు రంగు మొదలు నెమలి మెడ రంగు దాకా. నాలుగేళ్ల కింద ఒక లంగా కుట్టి దాని ఫోటో ఫోనులో పెట్టింది. ఎవరో కొన్నారు. వాళ్లు ఇంకెవరికో చెప్పారు. చీర రంగును ఫోటోలో చూసి పట్టుకోవడం జమునకు బాగా తెలుసు. ట్యూబులైటు కింద తీసిన ఫోటో అబద్ధం చెబుతుంది. పొద్దున గడప మీద చీర మడత పెట్టి తీసి పంపండి అని అడుగుతుంది. అట్లా పంపితే ఆమె కుట్టిన లంగా చీర కింద కలిసిపోతుంది. రోజుకు పది పన్నెండు పోతున్నాయి. పక్కింటి శాంత కూలికి కుడుతుంది. కొరియరు అతను సాయంత్రం వచ్చి సంచి పట్టుకుపోతాడు.

ఇంత జరుగుతున్నా దీన్ని ఎవరూ వ్యాపారం అనలేదు. అననియ్యలేదు. గల్ఫులో మగవాడు ఉండి, ఇంటి దగ్గర భార్య వ్యాపారం పెట్టిందంటే, అతను సరిగ్గా పైసలు పంపడం లేదని వాడకట్టంతా అనుకుంటుంది. ఆ మాట సాగర్ మొదట్లోనే ఫోనులో అన్నాడు. "ఎవలన్న అడిగితె టైంపాస్‌కు కుడుతున్న అని చెప్పు జమునా. నా ఇజ్జత్ ఉంచు." జమున అట్లాగే చెప్పింది. నాలుగేళ్లు చెప్పి చెప్పి ఆమెకే అది నిజమనిపించింది.

అందుకే రెండు నెలల కింద ఇన్‌కం టాక్స్ వాళ్లు మొదటి నోటీసు పంపి, నీ ఖాతాలో పడిన పైసలు ఎక్కడివని అడిగినప్పుడు కూడా ఆమె అదే చెప్పింది. బస్టాండు ఎదుట ఆన్‌లైన్ సెంటర్ నడిపే సాయినాథ్ "ఏం రాయాలె అక్కా?" అని అడిగాడు. "టైంపాస్‌కు కుడుతున్న, వ్యాపారం గాదు అని రాయి తమ్మీ," అంది. అతను రాసి పంపి యాభై రూపాయలు తీసుకున్నాడు. పీడ పోయిందనుకుని ఆమె వస్తూ వస్తూ కొత్తిమీర కొనుక్కుంది.

శనివారం రెండో నోటీసు వచ్చింది. సోమవారం పొద్దున్నే ఆమె జగిత్యాల బస్సెక్కింది.

*

టాక్సు పనులు చూసే సురేందర్ ఆఫీసు జగిత్యాలలో ఒక మందుల దుకాణం మీద ఉంది. సురేందర్ నోటీసు చదివాడు. మొదటి నోటీసుకు ఆమె పంపిన జవాబు తెరిచి చదివాడు. కళ్లజోడు తీసి మేజా మీద పెట్టాడు.

"గిది ఎవలు రాయమన్నరమ్మా?"

"నేనే చెప్పిన సార్. సెంటర్ల పిల్లగాడు టైప్ చేసిండు."

"మంచిగ చేసిండు. ఒక్క అక్షరం తప్పు లేదు. ఉంటే బాగుండు, గదన్న పట్టుకుందుం." అతను తెర ఆమె వైపు తిప్పాడు. "నేను ఖాళీ సమయంలో సరదాకు కుడతాను, ఇది వ్యాపారం కాదు. సంతకం జమున. ఇగ నేనేం చెప్పాలె?"

"సరదాకని రాస్తె తప్పా సార్?"

"విను. ఆ సంవత్సరం నీ ఖాతాల తొమ్మిది లక్షల అరవై వేలు పడ్డయి. వ్యాపారమనుకో. గుడ్డ పైసలు, కుట్టుకూలి, కొరియరు అన్ని తీసేసినంక ఎంత మిగిలింది నీకు?"

"లక్షా డెబ్బై, ఎనభై ఉంటది సార్. ఇంట్లకే అయిపోయినయి."

"గంత దానికి రూపాయి టాక్స్ పడదు. అసలు చిన్న వ్యాపారమైతే బిల్లులన్ని దాసుకోకున్నా నడుస్తది, అమ్మకంల ఇంత వంతు లాభమని చూపెట్టే తొవ్వ ఉన్నది. గని నువ్వు సరదా అంటివి. సరదాకు ఖర్చులేంది? నువ్వే వ్యాపారం గాదంటే, వచ్చిన తొమ్మిది లక్షల అరవై వేలు ఏడియో తెల్వని సొమ్ము అయితది. దాని మీద పడేది మామూలు టాక్స్ గాదు. ముప్పాతిక దాటుతది."

జమున మనసులో లెక్కేసుకుంది. ఏడు లక్షల పైన. సాగర్ మస్కట్‌లో తినకుండా తాగకుండా రెండేళ్లు ట్యాంకరు నడిపినా సరిపోదు. 

"నన్ను పట్టుకపోతరా సార్?"

"ఎవలూ పట్టుకపోరు. పైసలు అడుగుతరు, ఖాతా ఆపుతరు." గొంతు తగ్గించాడు. "ఇంకొక తాప చెప్పుకునే మోఖా ఇచ్చిండ్రు. శుక్రవారం అయిదింటి వరకు. ఇగ అది వ్యాపారమే అని నువ్వే రుజువు చెయ్యాలె. అమ్మినట్టు రుజువుకు నీ ఫోన్ల మెసేజులు, కొరియరు చిట్టీలు ఉన్నయి గదా?"

"అన్ని ఉన్నయి."

"మరి కొన్నట్టు? గుడ్డ ఏడ కొంటవు?"

"సిరిసిల్లల. ఎర్రయ్య మామ కాడ."

"బిల్లులు?"

జమున ఎన్నడూ బిల్లు అడగలేదు. బిల్లు అడగడమంటే ఎర్రయ్యను నమ్మలేదనడమే. చేతికి పైసలిచ్చేది, గుడ్డ థాన్లు బస్సు మీద వేయించుకునేది.

"సరె," అన్నాడు సురేందర్. "ఆయన తోని రాయించుకరా. ఏ తేదిన ఎన్ని థాన్లు, ఎన్ని మీటర్లు. కింద సంతకం. ఉత్తగ రాస్తే ఒప్పుకోరు, ఏదన్న ఆధారం ఉండాలె. ఆయన పుస్తకంల ఉంటది గదా. గది చాలు."

మెట్లు దిగుతుంటే ఆమె చేతిలో ఫోను టింగుమంది. ఆకుపచ్చ చీర ఫోటో. జమున ఫోను ఆఫ్ చేసి రవికెలోకి దోపుకుంది.

*

మంగళవారం వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయింది. వేములవాడ బస్సులో గుండ్లు చేయించుకున్న పిల్లలు, తడి జుట్ల ఆడవాళ్లు. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టుకు ఆధార్ కార్డు చూపమని కండక్టరమ్మ అడిగితే, జమున చెయ్యి సంచిలో చాలాసేపు వెతికింది. ఎవరు కాగితం అడిగినా ఆమెకు ఇప్పుడు అట్లాగే అవుతోంది. కార్డు మీద ఉన్నది తన మొహమేనా అని కండక్టరమ్మ చూస్తున్నట్టు అనిపించింది.

ఎర్రయ్య షెడ్డులో పన్నెండు మగ్గాలు ఒక్కసారే కొట్టుకుంటున్నాయి. లోపల మాట వినపడదు. ఆయన బయటికి వచ్చి, చెవిలో దూది తీసి, వేపచెట్టు కింద నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. బనీను మీద నూలు పొట్టు.

"సంతకమా? ఏం సంతకం బిడ్డా?"

"గుడ్డ మీ కాడనే కొన్న అని మామా."

"కొన్నవు. నేను కాదన్ననా? సిరిసిల్లల సగం మందికి ఎరుక."

"కాయితం మీద గావాలె. టాక్సోళ్లకు."

టాక్సు మాట వినగానే ఎర్రయ్య మొహంలో నవ్వు పోయింది. ఆయన వెనక్కి తిరిగి షెడ్డు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. మగ్గాల చప్పుడులో ఎవరు వింటారు?

"నేను కట్టేది నేను కడుతనే ఉన్న. సంవత్సరానికి ఇంత అమ్మిన అని కరీంనగర్ల ఆడిటర్ చూసుకుంటడు. నాకు గా భయం లేదు. గని నా పేరు ఇంకొకల కాయితంల పోయిందనుకో, రేపు నన్ను పిలుస్తరు. ఏ తేదిన ఎంత ఇచ్చినవని అడుగుతరు. నేనేం చెప్పాలె?"

"పుస్తకం చూసి చెప్పుండ్రి మామా."

"ఏ పుస్తకం? దసరకు కొత్త పుస్తకం పూజ చేస్త, పాతది మానేరుల కలుపుత. మా నాయన నాటి నుంచి గంతే. నువ్వు అడిగే సంవత్సరం పుస్తకం ఎన్నడో నీళ్లపాలైంది."

జమున చెట్టు మొదలుకు చెయ్యి ఆనించింది.

"ఏడువకు. ఏడిస్తె నేను సంతకం పెడ్త, నాది మెత్త పానం. పెట్టినంక నిద్ర పట్టదు. ఏం చూసి పెట్టినవురా అంటే, జమున ఏడ్చింది, పెట్టిన అని చెప్పాలెనా?"

అప్పుడే ఒక కూలీ రంగు వేసి ఆరబెట్టిన థాను భుజాన వేసుకుని వచ్చాడు. ఎర్రయ్య మాట ఆపి, చెవి మీద పెట్టుకున్న నల్ల పెన్ను తీసి, థాను కొస విప్పి తొడ మీద పరుచుకుని రాశాడు. రంగు నంబరు. తొంభై రెండు మీటర్లు. తేదీ. తీసుకునే పార్టీ పేరులో మొదటి అక్షరం. ప్రతి థాను కొసకూ ఆయన తన చేత్తోనే రాస్తాడు, ఇంకెవరినీ రాయనివ్వడు. ఆ సిరా ఎంత ఉతికినా పోదు. అందుకే కుట్టేవాళ్లు ఆ జానెడు కొస కత్తిరించి పారేస్తారు.

జమున ఏదీ పారేసే మనిషి కాదు.

ఆమె ఆ నల్ల అక్షరాలను చూస్తూ ఉండిపోయింది. 

"మామా, మీరు రాసిన కొసలు చూపెడ్తె సంతకం పెడ్తరా?"

ఎర్రయ్య నవ్వాడు. "కొసలు ఎవలు దాస్తరు బిడ్డా? తెచ్చి నా ముంగట పెట్టు. నా చేతిరాతను నేను కాదని ఎట్లంట?"

*

థాను కొసలన్నీ జమున రెండేళ్ల పాటు ఒక గోనెసంచిలో వేసింది. రంగులు బాగున్నాయని, వానకాలం పని తక్కువున్న రోజుల్లో వాటిని పక్కపక్కన అతికి బొంత కుట్టింది. కింద వేసుకుని పడుకోవడానికి సాయమ్మ తీసుకుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి వెతికితే ఆ బొంత సాయమ్మ మంచం మీద లేదు. మంచం కింద లేదు. అటక మీద లేదు.

"అత్తమ్మా, బొంతేది?"

సాయమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. "ఏ బొంత?"

"రంగు ముక్కలది."

"గది రజితకిచ్చిన గదనే. పోయిన నెల పిల్లగాన్ని అత్తగారింటికి తీసుకపోంగ, కన్నబిడ్డను ఉత్త చేతుల పంపుతనా? గా రాతలు గీతలు కనబడితె వియ్యపురాలు నవ్వుతదని నా పాత చీర తొడిగి అంచులు కుట్టిన. ఎందుకు?"

జమున గడప మీద కూర్చుండిపోయింది. మూడు రోజుల నుంచి దాచిన మాట ఇక దాగలేదు. నోటీసు సంగతి, శుక్రవారం సంగతి, ఏడు లక్షల సంగతి చెప్పింది. చెబుతూ అత్త మొహం చూడలేక ఆమె చేతులే చూసింది. ఏరుతున్న వేళ్లు ఆగిపోయాయి.

"ఏడు లక్షలు ఎవలకు?"

"సర్కారుకు."

"ఏం తప్పు చేసినవని?"

"సరదాకు కుడుతున్న అని రాసిచ్చిన అత్తమ్మా."

"సరదానా?" సాయమ్మ చాట కింద పెట్టింది. "పొద్దుందాక మిషను తొక్కి తొక్కి పిక్కలు పట్టుకపోతె నేను నూనె రాస్తి. అత్త చేత కాళ్లు పిసికిచ్చుకున్న కోడలివి నువ్వొక్కదానివే కోరుట్లల. గదేం సరదా?"

"మీరే గదా వాడకట్టుల అందరికి టైంపాస్ అని చెప్పేది."

"మందికి చెప్తం. సర్కారుకు చెప్తమానే పిచ్చిదానా?"

జమునకు నవ్వు రాలేదు. సాయమ్మకూ రాలేదు. కాసేపటికి ముసలామె లేచి కొంగులో కట్టుకున్న ఇంటి తాళంచెవి తడుముకుంది.

"సాగర్‌కు ఎరుకేనా?"

"చెప్పలే. దూరాన ఉన్నడు, బండి నడుపుతడు."

"ఎన్నడు చెప్తవు, జప్తుకు వచ్చినంకనా? రేపు పొద్దుగాల మల్లాపూర్ పోదాం, రజిత కాడికి. పా, ఇంత తిను."

బొంత పసివాడి కింద పరిచి ఉంటారు. నెల రోజుల నుంచి ఉచ్చలు పోసి ఉంటాడు. చీర తొడిగి కుట్టిన సూది ఎక్కడ దిగిందో. పొయ్యి మీద పాలు పొంగుతుంటే జమున చూస్తూ నిలబడింది, దించలేదు.

*

మల్లాపూర్‌లో ఆడబిడ్డ రజిత వాళ్లను చూసి మొదట భయపడింది, చెప్పకుండా తల్లీ వదినె కలిసి వచ్చారని. నోటీసు సంగతి, బొంత సంగతి విన్నాక మొహం ముడుచుకుంది.

"ఇచ్చిన దాన్ని మళ్ల అడుగుతరా వదినె? మా అత్త వింటే ఏమంటది?"

"రెండు రోజులకు రజితా. మళ్ల తెచ్చిస్త."

"నోటీసులు వచ్చేటన్ని పైసలు ఎందుకు సంపాయించినవు? మా అన్న పంపుతలేడా?"

ఏ మాట వినకూడదని నాలుగేళ్లు దాచిందో ఆ మాటే వచ్చింది.

"పంపుతడు," అంది సాయమ్మ. "వాడు పంపింది ఇల్లు కట్టిన అప్పుకు పోతది. నీ పురుడుకు కరీంనగర్ దవాఖానల కట్టింది ఈ పిల్ల లంగాల పైసలు. నోరు మూసుకోని బొంత తే."

రజిత లోపలికి పోయి బొంత తెచ్చి అరుగు మీద వేసింది. పైన సాయమ్మ పాత చీర, పసివాడి వాసన.

"సోడ వేసి ఉడుకు నీళ్లల్ల ఉడకబెట్టిన వదినె," అంది మెల్లగా. "రెండు తాపలు. పిల్లగాడు పండుతడు గదా."

జమున బ్లేడు తీసుకుంది. మొదటి కుట్టు తెగలేదు. సాయమ్మ ఆ బ్లేడు లాక్కుని అంచు పొడుగునా కోసింది. మరో పక్క నుంచి రజిత గోటితో దారం లాగింది. చీర లేస్తుంటే కింద రంగులు బయటపడ్డాయి. ఆకుపచ్చ వెలిసింది. ఎరుపు పక్కనున్న తెలుపుకు అంటింది. జమున వంగి చూసింది.

వెలిసిన ఆకుపచ్చ మీద నల్లగా, నిన్న రాసినట్టుగా: 88 మీ. తేదీ. జ.

దాని పక్కన ఇంకొకటి. దాని కింద ఇంకొకటి.

నల్ల గుడ్డల మీద ఎర్రయ్య తెల్ల రంగుతో రాసినవి మాత్రం రాలిపోయాయి. కొన్ని అక్షరాల మీద కుట్టు పడింది. నోటీసులో ఉన్న సంవత్సరానివి తొంభై ఒకటి ఉండాలని జమునకు గుర్తు. చదవగలిగినవి అరవై ఎనిమిది. రజిత ఒక్కొక్కటీ వేలు పెట్టి చదువుతుంటే, జమున తన పాత నోటుపుస్తకంలో రాసుకుంది. చివరికి రజిత తల ఎత్తకుండానే అడిగింది. "దవాఖాన పైసలు నువ్వు కట్టినవని అన్నకు ఎరుకేనా?"

"ఎరుక."

"నాకు చెప్పలే."

"నీకు తెలిస్తె మీ అత్తకు తెలుస్తది," అంది సాయమ్మ, బొంత మడత పెడుతూ.

*

గురువారం ఎర్రయ్య వేపచెట్టు కింద నులక మంచం మీద బొంత పరుచుకుని చాలాసేపు కూర్చున్నాడు. మగ్గాలు ఆపించాడు. ఆ నిశ్శబ్దానికి జమున మరీ బెదిరింది. ఆయన ఒక్కో ముక్కనూ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఒక దగ్గర ఆగాడు.

"గీడ తొంభై ఆరు అని రాసిన. గా కాలంల నా మగ్గం మీద తొంభై నాలుగు దాటేది గాదు. రెండు మీటర్ల పైసలు నీకు ఎక్కువ పడ్డయి బిడ్డా."

"గది పోనియ్యిండ్రి మామా."

"ఎట్ల పోతది? నా చేతిరాతనే నా మీద సాక్ష్యం చెప్పవట్టె." ఆయన పెన్ను తీసి, మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. పెన్ను తీయడం, పెట్టడం మూడు సార్లు అయింది. "నన్ను పిలుస్తరంటవా?"

"ఎరుకలేదు మామా. పిలిస్తె నేను గూడ వస్త."

"నువ్వే భయంతోని సగమైనవు. నాకేం ధైర్యం చెప్తవు?" అన్నాడు. అని, కాగితం ముందుకు లాక్కున్నాడు. అరవై ఎనిమిది వరుసలు తన చేత్తోనే రాశాడు, తొంభై ఆరును తొంభై నాలుగు చేసి పక్కన ఎందుకో కూడా రాశాడు. కింద సంతకం పెట్టాడు.

*

శుక్రవారం మూడింటికి సురేందర్ కుర్చీలు జరిపించి బొంతను నేల మీద పరిపించాడు. చెప్పులు విప్పి దాని చుట్టూ తిరిగి ఫోటోలు తీశాడు.

"ఇరవై ఏండ్ల నుంచి చేస్తున్న ఈ పని. సంచులల్ల తెచ్చిండ్రు, డబ్బలల్ల తెచ్చిండ్రు బిల్లులు. పండుకునే బొంత ఎవలూ తేలే."

కొరియరు చిట్టీల తేదీలు, థాన్ల తేదీలు, ఖాతాలో పైసలు పడిన తేదీలు వరుసగా పెట్టాడు. థాను వచ్చిన వారానికి లంగాలు పోయాయి. లంగాలు పోయిన రోజుల్లో పైసలు పడ్డాయి. శాంత కూలి గురించి శాంతే రాసిచ్చింది. నాలుగింటికి అతను కుర్చీ వెనక్కి వాల్చాడు.

"ఇగ ఒక్కటే మిగిలింది. ముందుగాల సరదా అని ఎందుకు రాసినవు? దానికి జవాబు గావాలె. గది లేకుంటే, పట్టుబడ్డంక మాట మార్చింది అంటరు."

జమునకు అసలు భయం అప్పుడు వేసింది. జవాబు ఆమెకు తెలుసు. అది రాయాలంటే సాగర్‌ను అడగాలి. అడగాలంటే మొత్తం చెప్పాలి.

బయట వరండాలోకి పోయి ఫోను చేసింది. మస్కట్‌లో రెండున్నర. అతను బండి పక్కకు ఆపినట్టున్నాడు, ఇంజను చప్పుడు ఆగింది. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఫోను కట్టయిందేమోనని ఆమె తెర చూసింది. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"ఎన్ని రోజులైంది?"

"శనివారం వచ్చింది."

"గిన్ని రోజులు ఒక్కదానివే తిరిగినవా?"

"అత్తమ్మ వచ్చింది."

రోడ్డు మీద ఎవరో ఆటో తీయమని అరుస్తున్నారు.

"నన్ను గీడ ఎవలన్న అడిగితె గూడ గదే చెప్పిన," అన్నాడు సాగర్. "నా భార్య ఉత్తగ కూసోలేక కుడుతదని. రూముల అందరికి గట్లనే చెప్పిన." బండి తలుపు తీసిన చప్పుడైంది. "నా మాట అని రాయుమను. భర్త పరువు పోతదని చెప్పమన్నడు, అందుకే గట్ల రాసిన అని. నా పేరు పెట్టి రాయుమను."

"అందరికి తెలుస్తది."

"ఏడు లక్షల కంటెనా?" అన్నాడు. తర్వాత, "జమునా, నాకు చేతులు వణుకుతున్నయి. బండి తియ్యడానికి కొంచెం సేపు పడుతది. నువ్వు పో, టైమయితది," అన్నాడు.

సురేందర్ ఆ మాటలు విని, అట్లాగే రాశాడు. ఏం వ్యాపారం అన్న గడి దగ్గర ఆగి ఆమె వైపు చూశాడు. నోటితో చెప్పమన్నట్టు.

"లంగాల వ్యాపారం సార్," అంది. "నాదే."

నాలుగు నలభైకి జవాబు పోయింది. తెర మీద ఒక పొడుగాటి నంబరు వచ్చింది. దాన్ని అతను కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాడు. ఒప్పుకుంటారా అని ఆమె అడిగింది. ఒప్పుకోవాలె అన్నాడు, ఒప్పుకుంటారని అనలేదు.

*

యాభై ఒక్క రోజులు గడిచాయి. బొంతను రజితకు తిరిగి ఇవ్వలేదు. సాయమ్మ దాని మీద పడుకోనూ లేదు. అది సర్కారు కాయితమని, ఇంటి పత్రాల పక్కన బీరువాలో పెట్టి తాళం వేసింది. మనవడికి మాత్రం కొత్త బొంత కుట్టిచ్చింది. జమున కొన్న ప్రతి థానుకూ బిల్లు అడిగింది. ఎర్రయ్య బిల్లు రాసిచ్చాడు, కొస మీద కూడా రాశాడు.

ఒక మధ్యాహ్నం ఆమె పసుపు లంగాకు నాడా ఎక్కిస్తుంటే ఫోను టింగుమంది. కత్తెర పక్కన పెట్టింది. అరచేతులు తుడుచుకుంది. చీర ఫోటో కాదు. సురేందర్ పంపిన కాగితం, దాని కింద అతని గొంతు.

నొక్కడానికి వేలు రాలేదు. సాయమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆమెకు ఫోను వాడడం రాదు, అయినా చూపుడు వేలు పెట్టి నొక్కింది.

"ఒప్పుకున్నరమ్మా. వ్యాపారమే అని రాసిండ్రు. టాక్స్ సున్న. రిటర్న్ వెయ్యనందుకు కొంచెం జుర్మానా పడుతది, కడుదుం. గీ ఏడాది నుంచి టైముకు వేద్దాం. ఇగ సరదాకు గూడ సరదా అనకు."

సాయమ్మ అది రెండోసారి పెట్టించుకుని విన్నది. విని, వాకిట్లోకి పోయింది. గోడ అవతల శాంతకు చెబుతున్న మాటలు జమునకు వినిపించాయి. "టైంపాస్ గాదే, మా కోడలిది వ్యాపారం. సర్కారే రాసిచ్చింది."

జమున మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఫోను మళ్లీ టింగుమంది. ఒళ్లంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. కొంతసేపు ఆగి తిరగేసి చూసింది. ఖమ్మం నుంచి ఎవరో వంగపండు రంగు చీర, ట్యూబులైటు కింద తీశారు.

పొద్దున గడప మీద పెట్టి తీసి పంపండి అని జమున రాసింది. వేళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి.